వంటింటి కొలతలు

కెమీలో మంచు మోకాలి లోతు.
మూడు నమూనా చెక్కలు చంకన పెట్టుకుని
ఆ అక్కచెల్లెళ్ళ ఇంటికి వెళ్ళాను.

బిర్చ్ ముక్కని ఔనె వేలి కణుపుతో తట్టింది,
కుండ కొనేముందు మోగించి చూసినట్టు.
"ప్లైవుడ్డా? ఆవిరికి ఉబ్బదూ?"
ఉబ్బదన్నాను. నమ్మలేదు.
తెల్ల లామినేట్‌ని
"ఆసుపత్రి" అని పక్కకి నెట్టింది.
సింకు మీది అరకి అడుగుచెక్క వద్దంది,
కడిగిన పళ్ళాలు అక్కడే, చీకట్లో, కారి ఆరాలి,
వాళ్ళమ్మ నాటి నుంచీ అంతేనట.

తలుపులు మాత్రం నిండు చెక్కవే.
"లోపల ఏముందో ఊరికెందుకు?"

ఈలోగా హెల్వి నాకు కాఫీ ఇద్దామని
కప్పుల కోసం పాత అర తీసింది. పిండి.
ఇంకోటి. మందులు.
మూడోదాని పిడి పట్టుకుని
అలాగే నిలబడిపోయింది,
ఎవరింటికో వచ్చినట్టు.

ఔనె లేవలేదు. ఏ అరో చెప్పలేదు.
నా చేతిలో పెన్సిలు లాక్కుని
నేను రాసుకున్న 'చెక్క' మీద అడ్డగీత కొట్టింది.
"అద్దాలు పెట్టు. అన్నిటికీ."

దుమ్ము కనిపిస్తుంది కదా అన్నాను, బుద్ధిలేక.

"కనిపించనీ."