కుడి పేజీ

వారీ పట్టణం, ఎఫురున్ రోడ్డు మలుపులో
తెజీరి అక్క కుట్టు కొట్టు.
మెడలో టేపు, ఒళ్ళో పుస్తకం.
ఎడమ పేజీలో మనుషులు: ఛాతీ నలభై, చెయ్యి ఇరవై మూడు.
కుడి పేజీలో ఇంగ్లీషు మాటలు, అవీ పొడవును బట్టే.
రెండక్షరాలవి గుండీ పట్టీలు,
ఐదక్షరాలవి జాకెట్టు ముక్కలు,
ఏడక్షరాలది తగిలితే నిండు గౌను.

క్యూ వచ్చి యూ రాలేదని బిక్కమొహం వేస్తే
"గుండీ లేకపోతే హుక్కు కుట్టమా? కాట్ ఉంది, పెట్టు" అంటుంది.
అర్థం అడిగితే
పళ్ళ మధ్య సూది కదలకుండా నవ్వుతుంది:
"చొక్కాకి కొలత చాలు. మనిషి కథ దేనికే?"

ఆదివారం పోటీ. కరెంటు పోయింది, జనరేటరు దగ్గింది.
చివరికి ఆమె దగ్గర కె, ఎన్, రెండు ఇ లు.
మోకాలు అవుతుంది. అటూ ఇటూ జరిపితే కీన్ అవుతుంది.
కీన్ పెట్టింది. రెట్టింపు గడి, పదహారు. గెలిచింది.

ఓడిన మాస్టారు ఒనోరియోడె
పలకలు సంచిలో వేస్తూ, ఊరికే, అన్నాడు:
"ఆ మాటకి ఇంకో అర్థముందమ్మా.
పోయినవాళ్ళ కోసం గొంతెత్తి ఏడవడం."

ఆగస్టులో వాళ్ళమ్మ పోయినప్పుడు
నలభై మందికి ఒకే రంగు గుడ్డ కుట్టింది అక్క.
నాలుగు రాత్రులు. ఒక్క కుట్టు వంకర పోలేదు.

సోమవారం కొట్టు తెరిచి
తలుపు సగం దించింది.
"మిషను తొక్కు" అంది నాతో.
గుడ్డ పెట్టలేదక్కా, అన్నాను.
"తొక్కవే. గట్టిగా."