ఏడో నంబరు బల్ల

జూన్ నెలంతా మా చేతులు పసుపు.
చిత్తూరు బైపాసు దాటినాక, గుజ్జు ఫ్యాక్టరీలో
ఏడో నంబరు బల్ల మాది.
ఇటు నేను, అటు చెంగమ్మ,
మధ్యలో గుట్టగా బెంగళూరా కాయలు.

చెంగమ్మ నోరు ఆగదు.
తొడిమ కోసేలోపు కోడలి సంగతి,
చెక్కు తీసేలోపు చెల్లెలి మొగుడి అప్పు,
టెంక పక్కకు తోసేలోపు
గర్భసంచి ఆపరేషనుకు డాక్టరమ్మ ఎంత అడిగిందో.
నిన్నగాక మొన్న చేరిన పలమనేరు పిల్లకు
పెండ్లిచూపులంటే కమ్మలు తీసిచ్చేసింది.
"మల్లా ఇస్తుందామే ఆ పిల్ల?" అంటే
"ఇయ్యకపోతే ఏం, చెవులు నా కాడనే ఉండాయి గదా" అనింది.

నేను అట్లా పుట్టలేదు.
నా గొంతులో మాట
బావిలో జారిన చెంబు,
పాతాళగరిగె వేసి దేవితే తప్ప పైకి రాదు.
మూడేండ్లు దాటినా పలకలేదని
మా యమ్మ గంగజాతరలో మొక్కుకునిందంట.
గంగమ్మ మాటలిచ్చింది.
కొంచెమే ఇచ్చింది.

చీటీ ఎవురు పట్టేదని వచ్చినప్పుడు
పదహారు మందీ నా తట్టు చూసినారు.
"ఆయమ్మకు చెప్తే గోడకు చెప్పినట్టే."
గోడంటే అందరికీ నమ్మకమే.
గోడను ఎవురూ
అన్నం తిన్నావా అని అడగరు.

ఇంద్రాణి మటుకు నమ్మలేదు.
నోట్లు మూడుతూర్లు ఎంచి ఇచ్చేది,
నెలనెలా నా పుస్తకం గుంజుకోని కూడేది.
ముందు ఎవురన్నా ముంచినారో,
పుట్టుకతోనే వేళ్ళకు కండ్లుండాయో,
నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.
లెక్క సరిపోయిన పొద్దు
ఆమె మొగంలో ఎండ రవ్వంత తగ్గేది.
అది చూడాలని నాకు ఆశగా ఉండేది,
ఇదీ ఎవురికీ చెప్పలేదు.

బియ్యం డబ్బాలో చీటీ డబ్బు.
రాత్రి కుక్క మొరిగితే లేస్తా,
పిల్లి దూకితే లేస్తా,
పదహారు పేర్లు చీకట్లో వరసగా పిలుస్తా.
చెంగమ్మ వాకిలి తీసిపెట్టుకోనే నిద్రపోతుంది.
ఆ గురక వీధి చివరిదాకా వినపడుతుంది.

ఆషాఢంలో నా ఎడమకన్ను మసకేసింది.
కాయకూ వేలికీ మధ్య గీత చెరిగిపోయింది.
తెలిస్తే సూపర్వైజరు రేపు రావద్దంటాడు,
గోడకు బీట పడిందంటే
పదహారు మందీ డబ్బులెనక్కి అడుగుతారు.
తెగిన వేలికి గుడ్డపీలిక చుట్టి
మాట్లాడకుండా కోస్తానే ఉండా.

చెంగమ్మ మాట మధ్యలో ఆపింది.
అంతకుముందెప్పుడూ నేను చూడలేదు
ఆ నోరు ఆగడం.
"నీ కత్తి చప్పుడు మారిందేందిమే?"
ఇన్నేండ్లూ ఆమె వినదనుకున్నా,
అంత వాగేదానికి చెవులెక్కడివి అనుకున్నా.
చెప్పేసినా. నాలుగే మాటలు.

టీ గంట కొట్టేసరికి ఫ్యాక్టరీ అంతా తెలిసిపోయింది.
ఒళ్ళంతా మండింది నాకు.
నేల చీలితే బాగుండనుకుంటా
గ్లాసులో ఉండే టీని చూస్తా నిలబడినా.
ఇంద్రాణి వచ్చింది. పలకరించలేదు.
నా బల్లను ట్యూబులైటు కిందికి ఈడ్చింది,
గట్టికాయలన్నీ తన కుప్పలోకి దొర్లించుకునింది,
"అంకెలు నేను చదువుతా, నువ్వు రాయి.
పుస్తకం మాత్రం నీ కాడనే ఉండనీ" అనేసి పోయింది.

సాయంత్రం బస్టాపులో చెంగమ్మ మీద విరుచుకపడినా,
అంటే రెండు మాటలన్నా.
"చెప్పొద్దని నువ్వు చెప్పలేదే" అనింది.
ఇప్పుడు చెప్తాండా, ఎవురికీ చెప్పొద్దు.
చేతిలో చెయ్యేసి ఒట్టు పెట్టింది.
బస్సెక్కీ ఎక్కకముందే కండక్టరుతో,
"నాయినా, ఈయమ్మకు ఎడమకన్ను ఆనదు,
ఎవుర్నన్నా లేపి సీటియ్యి."

కోపంగానే కూచున్నా.
కిటికీ పక్క సీటు.