పన్నెండు దాకా

సిరొంచ దవాఖానల నర్సు వైశాలి ఆత్రం
బదిలీ అయి పోతూ పోతూ
నూనె డబ్బాల నాటిన ఒక్క కొమ్మను
నా కుట్టుమిషిన్ పక్కన పెట్టింది.
"తెలుగుల దీన్నేమంటరక్కా?"
పంటితో దారం తెంపుకుంట ఆలోచించిన.
నోట్లకు ఏ పేరూ రాలే.
మరాఠీల ఏమంటరో ఆమెకూ తెల్వదు.

పచ్చపువ్వు అన్నడు మా ఆయన.
పచ్చ అంటే ఆకా, పువ్వా?
అడిగింది కాజాలు కుట్టే పిల్ల సుగుణ.
నిజమే.
మన నోట్ల ఆకూ పచ్చనే, పువ్వూ పచ్చనే.
పసుపు అనాలంటే
వంటింట్లకు పోయి డబ్బా మూత తియ్యాలె.

ఎండలు ముదిరినయి.
ప్రాణహిత ఇసుక మీదికెళ్ళి వచ్చే గాలి
బొగ్గుల ఇస్త్రీపెట్టె.
బియ్యం కడిగిన నీళ్ళు పొద్దున,
మాపటికి బట్టలు జాడించిన ఆఖరి నీళ్ళు,
పాత లంగా చింపి నాలుగు పుల్లల మీద నీడ.
తొలకరికి ముందు కత్తెర తీసిన
(జాకెట్ల కత్తెర కాదు, దానికి ఆకు తగలనియ్య)
జానెడు వదిలి అంతా కోసేసిన.
"పాయె" అన్నడు మా ఆయన.
పది రోజులకు కోసిన కాడల్లా రెండు చిగుర్లు.

అప్పటి సంది ఆగలే.
తొమ్మిదింటికి విప్పుతది,
పన్నెండుకు మూస్తది,
సరిగ్గ మా వీధిల కరెంటు పోయే యాళ్ళకు.
ఈ నడుమనే రెండు జాకెట్లు తెగాలె నాకు.
గోడ గడియారంల సెల్లు అయిపోయి రెండేండ్లు.

జడలకు రాదు, దేవునికి నిలువది.
మా ఆడబిడ్డ మల్లుబాయి ఒకనాడు
వద్దంటే వినక కొప్పుల పెట్టుకున్నది.
అసరల్లిల బస్సు దిగేసరికి
తడిసిన టికెట్ లెక్క ముడుచుకుందట.
"గిదేం పువ్వే" అని ఫోన్ల తిట్టింది.

ఆకు కాడ మొదట్ల రెండు చుక్కలు,
సూదిమొన అంత.
వాటి చుట్టూ పొద్దంతా చీమలు.
మందు కొడ్దామని డబ్బా ఎత్తి
ఎందుకో వైశాలికి ఫోన్ చేసిన.
"ఉండనియ్యక్కా, అవి కావలి.
జీతం ఆ చుక్కలల్ల తీసుకుంటయి."

కావలి ఒక్కటే కాదు.
ఈ ఏడు చూస్తే చాకిరేవు బండ సందుల ఒకటి,
నల్లా గొట్టం కింద రెండు,
గోడవతల తులసాబాయి మెట్టు పగులుల ఒకటి.
గింజలు ఎవరు మోసిన్రో ఆమెకు చెప్పలే.
నన్నే అనుకుంటున్నది, అనుకోనీ.
నేను నాటింది ఒక్కటే.

బడి పిల్లలు గేటు పట్టుకొని
బారా పువ్వు, బారా పువ్వు అంటున్నరు.
సగం వాళ్ళ బడిది, సగం మా ఇంటిది.
వైశాలికి చెప్పాలె.

జాకెట్ ఎప్పుడిస్తవంటే
పువ్వు మూసినంక రమ్మంటున్న.
నిన్న మబ్బు పట్టి
పదిన్నర దాకా విప్పనే లేదది.
నేనూ మిషిన్ తొక్కలే.