ఏడో గడి

అరండల్‌పేటలో జిరాక్సు షాపు పైన మా ఆఫీసు.
గాలి మిర్చి యార్డు వైపు నుంచి తిరిగిన రోజు
వోచర్లు కూడా తుమ్ముతాయి.
ఇరవై రెండేళ్లుగా ఇక్కడ పద్దులు రాస్తున్నాను.

మాకు డబ్బు పంపేది ఒక చలిదేశపు సర్కారు.
దాని రాజధాని పేరు నాకింకా నోరు తిరగదు.
అక్కడెవరో పొద్దున్నే రొట్టె కొంటే
అందులోంచి రాలిన పన్ను చిల్లర
మూడు బ్యాంకులు మారి, నానా సంతకాలూ దాటి
బుడమేరు పొంగిన వారం సింగ్‌నగర్‌లో పడవ అద్దె అయింది.
కువైట్‌లో గౌసియా కోసం లాయరు మొదటి వాయిదా అయింది.
రొట్టె కొన్నవాడికి ఈ సంగతి తెలియదు.
వాడి పేరు నాకు తెలియదు.
ఇంతకన్నా మర్యాదైన చుట్టరికం నేను చూడలేదు.

మార్చిలో ఉత్తరం వచ్చింది.
అక్కడ ప్రభుత్వం మారిందట.
తనకు మాలిన ధర్మం మొదలు చెడ్డ బేరమని
వాళ్ల భాషలోనూ ఓ సామెత ఉండే ఉంటుంది.
పూర్తిగా మానలేదులెండి, పాపం.
సాయానికి ఇస్తాం, హక్కులకు ఇవ్వం అన్నారు.
దుప్పట్లు, బియ్యం, మందులు సరే.
అర్జీ, వకాలతు, విచారణ ఏడో గడి.
ఏడో గడిలో ఇకమీదట సున్నా.

యేసుమణి మేడమ్ రెండుసార్లు చదివి
కళ్లజోడు కొంగుతో తుడుచుకుని
"విడదీయండి మాస్టారూ" అంది.

కూర్చున్నాను.
పడవ అద్దె నాలుగు వేలు: సాయం.
ఆ పడవ కట్ట మీది గుడిసెల దాకా రాకుండా
మేడల మలుపులోనే ఎందుకు వెనుదిరిగిందని
కలెక్టరాఫీసుకు పెట్టిన అర్జీ, ఖర్చు అరవై: హక్కు.
పడవ ఒకటే. నీళ్లూ అవే నీళ్లు.

గౌసియా టికెట్టు ముప్పై ఒక్క వేలు: సాయం.
పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉంది.
దాన్ని బయటికి లాగాల్సిన లాయరుకు రెండో వాయిదా: హక్కు.
బీరువా తెరుచుకోకుండా విమానం ఎక్కేదెలా?
ఫారంలో దీనికి జాగా లేదు.

వాళ్లమ్మ మస్తాన్‌బీ శుక్రవారాలొస్తుంది.
కోల్డ్ స్టోరేజీలో తొడిమలు తీసిన చేతుల్ని
ఒంటికి తగలకుండా ఎడంగా పెట్టుకుని కూర్చుంటుంది.
పోయినేడు మేమిచ్చిన దుప్పటి మాట ఎప్పుడూ ఎత్తదు.
"ఎనిమిది నెల్ల జీతం రావాల సారూ దానికి,
అదీ అడుగుతున్నారా?"
ప్రతిసారీ ఇదే.

నిన్న సాయంత్రం, ఈ ఉద్యోగంలో మొదటిసారి,
జిరాక్సు కుర్రాడి దగ్గర పెన్సిలు అడిగి తెచ్చుకున్నాను.
లాయరు రెండో వాయిదాని
మందుల కింద రాశాను.
చాలాసేపు చూశాను.
తల్లి అడిగింది మందు కాదు కదా.
చెరిపేశాను.

పెన్ను తీసి ఏడో గడిలో సున్నా కొట్టేసి
బాకీ అని రాశాను.
ఎవరు ఎవరికో రాయలేదు.

సోమవారం ఆడిటరు వస్తాడు.
గాలి యార్డు వైపు నుంచే తిరిగేట్టుంది.