రెండు గీతల మందు

ఫ్రిజ్ తలుపుల, గుడ్ల అర కింద
రెండు సీసాలుంటయి పక్కపక్కన.
ఒకటి ఉమ్ సైఫ్‌ది, ఒకటి లుబాన్‌ది.
ముసలమ్మ సూదికి నారింజ టోపీ,
పిల్లి సూదికి ఎర్ర టోపీ.
గీతల లెక్క వేరు, మార్చి పొడిస్తే పాణం మీదికొస్తదని
మొదటి దినమే చెప్పింది నర్సు.
అందుకే పొద్దున ఏడింటికి, రాత్రి ఏడింటికి
ఎరుపు, ఎరుపు అని
నోట్ల అనుకుంటనే తీస్త.

ముసలమ్మ చేతులు వణుకుతయని
నాకు అప్పజెప్పింది.
పదకొండేండ్లు స్టీరింగ్ పట్టిన చెయ్యి
ఇప్పుడు మెడ వెనుక తోలు మెల్లగ లేపి
రెండు గీతల మందు ఎక్కిస్తది.
తిన్నదని చూసినంకనే.

ఎండకాలం నడుమ
దాని ఎనుక కాళ్ళు మారినయి.
మునివేళ్ళ మీద నడిచే జీవి
మడిమెలు నేలకానించి
చెప్పులు తెగిన మనిషి లెక్క ఈడుస్తున్నది.
కిటికీ గట్టు ఎక్కుడు బంజేసింది.
తోక మొదట్ల చెయ్యి పెడితే
గొంతుల ఏదో చిన్నగ అరిగింది, అంతే.

రాస్ అల్ ఖైమా డాక్టరు చూసి
నాతోని కాదు, దుబాయి తీస్కపో అన్నడు.
నరాలు చూసే డాక్టరమ్మ ఉన్నదట.
ఫీజు విని
నా జీతం పక్కన నిలబెట్టి చూసిన ఒక్కసారి.
మళ్ళ సిగ్గనిపించింది.
సిగ్గెందుకో ఇప్పటికీ తెల్వది.

పక్క సీట్ల బుట్ట. బుట్టకు బెల్టు.
ఇసుక గాలికి తారు మీద సన్నగ పాకుతున్నది.
స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా
నెత్తిన నిండు బిందె ఉన్నట్టు దాటించిన.
తొంభై కిలోమీటర్లు
ఒక్క మ్యావ్ లేదు.

"సూది ఎవరేస్తరు?" హిందీల అడిగింది డాక్టరమ్మ.
బడి పిలగాని లెక్క చెయ్యెత్తిన.
"మరి నువ్వే చెప్పు."
చెప్పిన. కిటికీ సంగతి.
ఇసుక తొట్టి అంచు దాటలేక పక్కనే పోసుడు.
నీళ్ళ గిన్నె కాడ ఒక కాలు మార్చి ఒక కాలు.
చల్లటి బండ వదిలి నమాజు చాప మీద పండుడు.
ఆమె అంతా రాసుకున్నది.
ఈ దేశంల నా మాట ఒకరు రాసుకునుడు
అదే మొదలు.

"పిల్లి నొప్పిని దాస్తది" అన్నది,
"అరువదు. కదలకుంట ఉంటది.
నిమ్మళంగ ఉన్నదనుకుంటరు ఇంట్లోళ్ళు."

లింబాద్రి యాదికొచ్చిండు.
క్యాంపుల నా పై మంచం.
సేఫ్టీ షూలల్ల రెండు జతల సాక్సులు.
చక్కెర ఉన్నదని
వీసా మెడికల్ అయ్యేదాక ఎవ్వనికీ చెప్పకుర్రి అన్నడు.
రాత్రి అసలు మసులకపోవు.
ఏం నిద్రరా వీనిది, అని నవ్వినం.
గదిలకు ఆ వాసన వచ్చినంక
సాక్సు విప్పినం.
రెండు వేళ్ళు తీసేసిన్రు. టికెట్ చేతుల పెట్టిన్రు.

బల్ల మీద లుబాన్ కాలివేలు ఒత్తింది డాక్టరమ్మ.
సర్రున గుంజుకున్నది.
"మంచిదే, నరం ఇంకా బతికున్నది."
పొద్దు మాపు ఒక గోళీ, కూరల కలిపి, నొప్పికి.
రెండు గంటలకోసారి చెవి అంచున రక్తపు బొట్టు, ఒక దినమంతా.
కాళ్ళు లేస్తయా మేడం?
"చక్కెర దిగితే లేవచ్చు. నెలలు పడతయి.
కొన్నింటికి లేవయి."

ఇల్లు చేరేసరికి మజ్లిస్ గడప మీదనే ఉన్నది ఉమ్ సైఫ్.
ఏమన్నది, అని అడిగితే
నాకొచ్చిన అరబ్బీల చెప్పిన:
నొప్పి ఉన్నది, అందుకే బాగున్నది.
ఆమె నా మొకం చూసింది.
తన చెప్పుల దిక్కు చూసుకున్నది.
డబ్బాలకెల్లి ఒక ఖర్జూరం తీసి, మళ్ళ పెట్టేసింది.

ఆ రాత్రి లింబాద్రికి ఫోన్ కొట్టిన.
ఎన్నేండ్లాయె.
ఎక్కడ షురూ జెయ్యాల్నో తెల్వక
"కిటికీ ఎక్కుతున్నవారా?" అన్న.
"తాగినవా ఏంది?" అని నవ్విండు.
నేనూ నవ్విన.
"కాలెట్లున్నది?" అన్న.

ఫోన్ల ఏ చప్పుడూ లేదు.
వంటింట్ల లుబాన్ నీళ్ళు తాగుతున్నది.
తాగుతనే ఉన్నది.