రంపం మందం

చీమకుర్తి ఫ్యాక్టరీలో ఆఫీసు గది.
గది అనకూడదు, రాతిపలకలతో కట్టిన పొయ్యి.
మే నెల, మధ్యాహ్నం రెండు.
నల్లతెర మీద తెల్లక్షరాలు,
కీబోర్డులో మీట మీటకీ బూడిదరంగు ధూళి.
రెండువందల యాభై ఆరు అంకెల్ని
నాలుగు ముక్కలు చేస్తున్నాను.

"ఏంది పాపా ఆ లెక్కలు?" అన్నాడు మాల్యాద్రి,
గ్యాంగ్‌సా పక్కన పందొమ్మిదేళ్లుగా
చెవుల్ని కొంచెం కొంచెంగా పోగొట్టుకుంటున్నవాడు,
మజ్జిగ ప్యాకెట్టు పంటితో చింపుతూ.
చెప్పాను.
కాటాకొకటి, రంపాల షెడ్డుకొకటి,
కెమెరాలకొకటి, ఆఫీసుకొకటి.
ఒక్కో ముక్కకి అరవై నాలుగు.
వాడుకునేవి మాత్రం అరవై రెండు.

"మిగతా రెండూ?"
"ఒకటి ఆ పేటకి పేరు.
ఇంకోటి పేటంతటికీ కలిపి పెట్టే కేక.
వాటిలో ఎవరూ కాపురం ఉండరు."

నవ్వాడు. పళ్ల సందుల్లోనూ రాతిపొడే.
"రంపం మందం," అన్నాడు.
"కోసినప్పుడల్లా రంపం తన వాటా తింటది.
అది బురదై పోతది, బురదకి బిల్లు రాయరు.
సన్నంగా కోసేకొద్దీ బురదే ఎక్కువ."

నేను చదివిన పుస్తకాల్లో ఇంత పొట్టిగా లేదు.
ఎనిమిది ముక్కలు చేస్తే పదహారు పోతాయి.
పదహారు చేస్తే ముప్పై రెండు.

బయట కాటా మీద లారీ ఎక్కి గంటయింది.
కృష్ణపట్నం పోవాల్సిన దిమ్మె,
నల్లటి రాయిలో బంగారు నలుసులు.
డ్రైవరు ఖాదర్‌వలీ చక్రం నీడలో తువ్వాలు పరుచుకున్నాడు.
బరువెంతో కాటాకి తెలుసు,
ఆఫీసుకి తెలియదు.

రూట్ యాడ్ అని కొట్టాను.
ఫలానా పేటకి ఫలానా గుమ్మం గుండా పొమ్మని.
యునిక్సు ఒప్పుకుంటే మాట్లాడదు.
మాట్లాడలేదు.
పింగ్ పంపాను. పోయింది, తిరిగి రాలేదు.
తీగ లాగి చూశాను, స్విచ్చి దులిపాను,
మాస్కు చివర నూట తొంభై రెండు, సరిగానే ఉంది,
వేళ్ల మీద కూడా లెక్కపెట్టాను.

"గీత రంపం పోయేచోటే పడిందేమో,"
అన్నాడాయన తెర వైపు చూడకుండానే,
ఖాళీ ప్యాకెట్టు మడుస్తూ.

కాటాకి నేనిచ్చిన అంకె
అరవై మూడు.

సున్నా నుంచి మొదలని తెలిసీ!
బ్లాస్టింగుకి ముందు సైరన్ మోగే గుట్ట మీద
ఇల్లు కట్టించాను దానికి.
అరవై రెండుకి మార్చాను.
ఇరవై ఎనిమిది టన్నుల నాలుగు వందల కిలోలు
చప్పుడు లేకుండా వచ్చి తెర మీద కూర్చుంది.
ఖాదర్‌వలీ తువ్వాలు దులుపుకుని లేచాడు.

నాలుగింటికి కరెంటు పోయింది.
వచ్చేసరికి దారి లేదు.
నాకు తెలిసిందే. చేత్తో కొట్టిన దారి
యంత్రం మెలకువగా ఉన్నంతసేపే.
ఫైల్లో రాయాలి. బద్ధకించాను.
మాల్యాద్రికి చెప్పలేదు,
చెబితే కిటికీలోంచి యార్డు చూపిస్తాడు:
అక్కడ దిమ్మెల మీద నంబర్లు
సుద్దతో కాదు, ఎర్ర పెయింటుతో.

ఫైలు తెరిచి ఒక్క వరుస రాశాను.
యంత్రాన్ని నేనే ఆర్పి, నేనే లేపాను.
దారి ఉంది.

ఒంగోలు బస్సులో కండక్టరు చిల్లర లేదని
టికెట్టు వెనక ఆరు అని రాసిచ్చాడు.
పెన్నుతోనే రాశాడు.
దిగేటప్పుడు అడగడం మరిచిపోయాను.
ఆరు రూపాయలు.
రంపం మందం.