డెబ్బై దగ్గర గీత

పెదవాల్తేరు ఆసుపత్రిలో నా గది.
కిటికీ తెరిస్తే ఉప్పు వాసన, మూస్తే ఫినాయిలు.
బల్ల మీద ఎరుపూ తెలుపూ చెక్క ఘనాలు,
ఒక స్టాప్‌వాచ్,
జవాబుల పుస్తకానికి అడ్డంగా నిలబెట్టే అట్ట.
తప్పో ఒప్పో నా ముఖంలో కనపడకూడదని శిక్షణ.
ఇరవై రెండేళ్ళుగా అదే ముఖం,
ఇంటికి కూడా అదే తెస్తున్నావంటాడు మా ఆయన.

గరికిన నూకాంబిక, తొమ్మిదేళ్ళు, జాలరిపేట.
"సూర్యుడు ఏ దిక్కున ఉదయిస్తాడమ్మా?"
"మా తెప్పెల్లే దిక్కున."
పుస్తకంలో ఉన్నది ఒక్క మాట, అది ఇది కాదు.
సున్నా వేశాను.
వేసిన చోట పెన్సిలు కాసేపు కదల్లేదు.

అలాగని ఈ పిల్ల మట్టిలో మాణిక్యమని కథలల్లను.
నాలుగు ఘనాల బొమ్మ పేర్చలేకపోయింది,
ఇరవైలోంచి ఏడు తీయమంటే
వేళ్ళు చాలక నా వేళ్ళు అడిగింది.
దానికి సాయం కావాలి, అది నిజం.
సున్నా గీసిన గడిలో అది లేదు,
అదీ నిజమే.
రెండూ ఒకే కాగితం మీద ఎలా రాయాలో
నాకెవరూ నేర్పలేదు.

"తక్కువే రాయండమ్మా," గుమ్మంలో తల్లి,
"డెబ్బైకి కిందుంటే పింఛనొత్తాదంట."
నిన్న ఇదే కుర్చీలో ఎంవీపీ కాలనీ తల్లి
నూట పద్నాలుగు చూసి కళ్ళు తుడుచుకుంది,
కోచింగు వాళ్ళు నూట ఇరవై అన్నారట.
ఆ ఆరూ, అమ్మా,
మధ్యాహ్నం అన్నం తినకపోయినా పోతాయి,
రాత్రి నిద్ర పడితే కొన్ని తిరిగొస్తాయి.
చెప్పాను. వినలేదు.
అంకెకున్న గొంతు నాకు లేదు.

హార్బర్లో నీటిమట్టం కొలిచే కర్ర ఒకటుంది.
దాని మీద నాచు, గీతలు, ఒక కొంగ.
అది అబద్ధం చెప్పదు.
ఆ గంట సంగతే చెబుతుంది.
సముద్రం ఎంత అని ఎవరూ దాన్ని అడగరు.

పదకొండు గంటలకి కర్రి అప్పలసూరి వచ్చాడు,
పోర్టులో క్రేను నడిపినవాడు.
కొక్కెం తగిలి ఏడు నెలలు,
కుట్ల మీద జుట్టింకా సరిగా రాలేదు.
మూడంకెలు చెప్పి వెనక్కి చెప్పమన్నాను.
రెండు వచ్చాయి. మూడోది
గాల్లో వేలాడే పెట్టెలా ఊగి ఊగి
దిగనే లేదు.
నొసలు తుడుచుకుని నెమ్మదిగా అడిగాడు:
"ముందు నాకెంతుండేదండీ?"

ఎవరు కొలిచారు?
నలభై టన్నులు ఎత్తి
గుడ్డు దించినట్టు దించేవాడిని
ఎవరు కూర్చోబెట్టి ఘనాలిచ్చారు?
చదువునీ ఉద్యోగాన్నీ బట్టి పాత అంకె ఊహించే
సూత్రమొకటి ఉంది నా దగ్గర.
పదో తరగతి తప్పాడు, కాబట్టి
సూత్రం ప్రకారం ఆయన పోగొట్టుకున్నది కొంచెమే.

ఆ మాట బయట కూర్చున్న భార్యకి చెప్పలేదు.
ఆమెనే అడిగాను, ముందు ఎలా ఉండేవాడని.
"దీపాలార్పితే, ఏ ఓడ కూతేసిందో
కూతని బట్టి సెప్పీవోడండి."
రాసుకున్నాను.
ఆ ఫారంలో దానికి గడి లేదు, అంచు మీద రాశాను,
వంకరగా, పంచ్ చేసే చిల్లు తినేసే చోట.

సాయంత్రం నూకాంబిక కాగితం:
అరవై ఎనిమిది.
కింద చిన్న అక్షరాల్లో
అరవై మూడుకీ డెబ్బై మూడుకీ నడుమ అని చేర్చాను.
గీత ఆ నడుమలోంచే పోతోంది.
సంతకం పెట్టాను. పింఛను రావచ్చు.
బడిలో ఆ కాగితం ఎవరి చేతిలో పడుతుందో తెలీదు.

సిరిపురం దాటాక బస్సులో
సంచిలో ఏదో టిక్కుమంటోంది.
తీసి చూస్తే స్టాప్‌వాచ్,
ఆపడం మరిచిపోయాను.
ఏడు గంటల పన్నెండు నిమిషాలు,
ఇంకా నడుస్తూనే ఉంది.
ఎవరి జవాబు కోసమో గుర్తులేదు.